మస్తాను తెచ్చిన శాలువా

కుసుమవరం రాజ్యంలో స్థిరపడాలంటే పనిలో మేటినని పెద్దమనుషుల చేత ఉత్తరం రాయించుకు రావాలి. చిరుగులు కనబడకుండా పోగులల్లి బాగుచేసే రఫూ పనివాడు మస్తాను మాత్రం ఒక శాలువా చంకన పెట్టుకుని కోటవాకిట నిలబడ్డాడు.

"ఉత్తరాలేవీ?" అన్నాడు అనుమతులిచ్చే అధికారి తిమ్మరాయుడు.

"ఎందరో జమీందార్ల శాలువాలు బాగుచేశాను దొరా. కానీ తన శాలువా చిరిగిందని ఏ జమీందారు రాసిస్తాడు?"

"పోనీ, పని చూపించు."

మస్తాను శాలువా అందించాడు. "దీనికి రఫూ చేశాను. ఎక్కడో మీరే చెప్పండి."

తిమ్మరాయుడు దాన్ని ఎండకు పట్టి చూశాడు, తిరగేశాడు, వేళ్లతో అంగుళం అంగుళం తడిమాడు. ఏమీ దొరక్క మండిపడ్డాడు. "దీనిమీద సూదే పడలేదు! కొత్త శాలువా తెచ్చి నన్నే మోసం చేస్తావా?"

"ఆ మాటే రాసి ముద్ర వేయండి దొరా, వెళ్లిపోతాను."

"ఈ శాలువా ఎన్నడూ చిరగలేదు" అని రాసి ముద్ర గుద్దాడు అధికారి.

మస్తాను కాగితం భద్రంగా మడిచి, శాలువా నడుమ గోటితో పోగులు లాగాడు. అవన్నీ దాని అంచులోంచే తీసి అల్లినవి. అరచేయంత చిల్లు బయటపడింది.

"ఇదిగో దొరా, పెద్దమనిషి ఉత్తరం!" అని ముద్ర వేసిన కాగితం చూపించాడు.

తిమ్మరాయుడు చిల్లులో చెయ్యి పెట్టి చూసి, అనుమతి రాశాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాజుగారిచ్చిన పట్టుశాలువాను ఎలుక కొట్టేసిందయ్యా. కాస్త చూడు. ఎవరితోనూ అనకేం?"

"అందరూ ఇదే మాట అన్నారు దొరా. ఇక నాకు ఉత్తరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?"