గట్టు మనిషి

ఓబుళయ్య సామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముఖం వైపు చూడడు, కాళ్ల వైపు చూస్తాడు. అవి ఎటు తిరిగి ఉన్నాయో చూసుకుని అప్పుడు నోరు తెరుస్తాడు. పోలయ్య అడిగిననాడు అతని కాళ్లు వాకిలి వైపు తిరిగి ఉన్నాయి. చంకలో బట్టల మూట కూడా ఉంది.

పోలయ్యది కృష్ణ ఒడ్డు. తాతముత్తాతల నుంచి పడవ నడిపిన ఇల్లు. వరద ఏటికి ఎదురీదినవాడు, సుడిలో పడ్డ పెళ్లివారిని జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చినవాడు. భయమంటే నల్లదో తెల్లదో తెలియదు. అట్లాంటి మనిషి పెళ్లాం పోయాక ఇల్లూ పడవా తమ్ముడికి అప్పగించి, నల్లమల అంచున సామి పంచన చేరాడు. కళ్లు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. తనలోకి తాను చూసుకోవడం నేర్చుకున్నాడు. అక్కడే వచ్చింది తంటా అంతా.

"నేను వెళ్లిపోతానండి సామీ," అన్నాడు. "గురువు దొరికితే భయం పోద్దంటారు గదండీ! నాకు లేని భయం పట్టుకుంది. కళ్లు మూస్తే చాలు, లోపలేదో నోరు తెరుచుకుని ఉన్నట్టుంటది. మా ఏట్లో నేను పులినండి. ఇక్కడికొచ్చి పిల్లినైపోయాను. మీ చదువు నాకే ఎందుకిట్టా తిరగబడింది?"

సామి అతని కాళ్లనే చూస్తూ, "పోదువులేరా," అన్నాడు. "పోయే ముందర బుగ్గలో ఒక మునక ఏసి పో. నేనూ వస్తా పద."

కొండ అడుగున రాళ్ల సందుల్లోంచి ఉబికి వచ్చే ఊటను ఆ సీమలో బుగ్గ అంటారు. సామి చెప్పింది జిల్లేళ్ల బుగ్గ, అది కొండకు ఆవలి పక్క. ఆశ్రమంలో బావి ఉండగా అంతదూరం ఎవరూ పోరు. ఏడాదికోసారి శిష్యులంతా కలిసి పోతారు. అప్పుడు కూడా సామి పై మెట్టు మీదే కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకుంటాడు తప్ప కాలు తడపడు. అదేదో పెద్ద నియమమని శిష్యులు చెప్పుకునేవారు. పోలయ్య కొత్తగా చేరినవాడు, బుగ్గను అంతవరకు చూడలేదు.

ఇద్దరూ పోయేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చుట్టూ బండలు, నడుమ మడుగు. అలికిడి లేదు, అల లేదు. నీళ్లున్నాయా లేవా అన్నట్టున్నాయి. ఒక చేప కదలకుండా గాలిలో వేలాడుతున్నట్టుంది. పక్షి కూడా కూయని చోటు. పోలయ్య ఒళ్లు ఎందుకో జలదరించింది, కానీ పైకి నవ్వాడు.

ఆ బుగ్గకు ఒక కట్టుబాటుంది. ఎవరు దిగినా గట్టున ఒక మనిషి నిలబడాలి. ఊరికే నిలబడితే చాలదు, దిగినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. నీళ్లలో ఉన్నవాడు "ఉండా" అని పలకాలి. ఉన్నానని చెప్పడమన్నమాట. ఇదంతా సామి చెబుతుంటే పోలయ్యకు రోషం వచ్చింది.

"చేపపిల్లకు ఈత నేర్పుతారా సామీ? చిన్నపిల్లోణ్ణి పిలిచినట్టు పిలవడమేంటండీ నన్ను!"

"పలికితే నీ నోట్లో ముత్యాలేమన్నా రాల్తాయా? పలుకుదువులే, దిగు."

కృష్ణలో పడవవాళ్లకు ఒక గుర్తుంది. ఇసుక కనబడిందంటే మొల లోతు, ఇక గెడ వేసి చూడనక్కర్లేదు. ఇక్కడ ఇసుకేమిటి, అడుగున తెల్లటి గులకరాళ్లు కూడా ఒక్కొక్కటీ ఏరుకోవచ్చనిపించేంత దగ్గరగా కనబడుతున్నాయి. పోలయ్య మెట్టు మీంచి కాస్త నడుమకు దూకి, నిలబడదామని కాళ్లు కిందికి చాచాడు.

కాళ్లకు ఏమీ తగల్లేదు. బుడుంగున మునిగాడు. నీళ్లలో కళ్లు తెరిచాడు. ఓరి నాయనో! గులకరాళ్లు ఎక్కడో కింద ఉన్నాయి. వాటి పక్కన బండ కింద నల్లటి బొరియ ఉంది, దాని వాకిట్లో ఇసుక ఉడుకుతున్న అన్నంలా లేస్తోంది. ఆ ఇసుక మీద బొమ్మంత మనిషి ఒకడు కాళ్లూ చేతులూ చాపి పడి ఉన్నాడు. అది తన నీడేనని తెలిసేసరికి పోలయ్య గుండె జారిపోయింది.

పైకి తేలాడు, తేలడం ఒంటికి అలవాటే. కానీ చూపు కిందినుంచి రాలేదు. ఎవరో తాటిచెట్టు మొవ్వ దాకా ఎక్కించి చెట్టును లాగేసినట్టుంది. వరద ఈదిన చేతులు కొయ్యబారిపోయాయి. కాళ్లు తనవి కానట్టు వేలాడాయి.

"పోలయ్యా! ఉండావా?"

పలుకుదామని నోరు తెరిచాడు. నోట్లోకి నీళ్లు వచ్చాయి.

"పోలయ్యా!"

మళ్లీ మునిగాడు. మళ్లీ ఆ నీడ కనబడింది, ఈసారి తనను రమ్మంటున్నట్టు చేతులాడించింది. ఇక్కడే చచ్చిపోతానని పోలయ్యకు తెలిసిపోయింది. చావంటే ఇంత భయమని అప్పటిదాకా అతనికి తెలియదు. దోసెడు నీళ్లకు చావబోతున్నానని ఏడుపొచ్చింది.

పైనుంచి పిలుపు ఆగలేదు. నీళ్లలో అది ఎక్కడో గోడ అవతలి గొంతులా వినబడుతోంది. ఆ గొంతు వైపు ఎలాగో తల తిప్పాడు. ఆ తేట నీళ్లలో మెట్లు కనబడ్డాయి. వాటి మీద రెండు ముసలికాళ్లు ఒక్కో మెట్టే దిగుతున్నాయి. జ్వరమొచ్చినట్టు గజగజ వణుకుతున్నాయి. మెట్టుమెట్టుకూ ఆగిపోతున్నాయి. కానీ తనవైపే తిరిగి ఉన్నాయి.

పోలయ్య ఇక కిందికి చూడలేదు. ఆ కాళ్లనే చూస్తూ చేతులు విదిలించాడు. సామి మెడలోతున నిలబడి విసిరిన ఉత్తరీయం కొస వేళ్లకు తగిలింది. పట్టుకున్నాడు.

"ఉండా," అన్నాడు.

ఇద్దరూ బండ మీద పడ్డారు. సామి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కాసేపటికి పోలయ్య అడిగాడు, "మీకు ఈతొచ్చా సామీ?"

"రాదు. నీళ్లంటే నాకు పాణం పోతాది."

"మరి చెంబుతో పోసుకునేది నియమం అనుకుంటున్నారండీ అంతా!"

"అనుకున్నారు. నేను చెప్పినానా?" సామి ఉత్తరీయం పిండుకున్నాడు. "ఇంత లోతు మీద నువ్వెప్పుడూ ఈదలేదా?"

"ఎందుకు ఈదలేదండీ! మా ఏట్లో దీనికి రెండింతల మడుగుల మీద ఈదాను."

"అప్పుడు భయపడలేదే?"

"అప్పుడు నీళ్లు బురద గదండీ. కనపడలేదు..." అని పోలయ్య నోట్లోనే మాట ఆపేశాడు. మూట మెట్ల పక్కన పడి ఉంది. దాన్ని తీసుకుందామని పోలయ్య లేచాడు గానీ, చేతిలోకి తీసుకున్నాక ఎటు నడవాలో తోచక అక్కడే నిలబడ్డాడు.

సామి చాలాసేపు అతని కాళ్ల వైపు చూశాడు. తర్వాత నీళ్ల వైపు చూశాడు. ఒళ్లు ఇంకా వణుకుతూనే ఉంది.

"రేపు పొద్దున నేను దిగతా," అన్నాడు. "నువ్వు గట్టున నిలబడు. పలికినా పలక్కపోయినా, పిలుస్తానే ఉండు."