ఎర్ర పట్టు గౌను

మేబెల్ ఫాంగ్ గారికి ప్రశ్నలంటే ఇష్టమే గానీ జవాబులు చెప్పడమంటే పడదు. శిష్యులెవరైనా ఏదైనా అడిగితే "సరే, చూద్దాం పద" అని చెప్పులు వేసుకునేవారు. అమెరికాలో శాక్రమెంటో నది పక్కనున్న ఓ చిన్న ఊళ్లో, లైబ్రరీ వెనక గదిలో, ఆవిడ కథ చెప్పడం నేర్పేవారు. చైనావాళ్ల బిడ్డే అయినా ఆ ఊళ్లోనే పుట్టారు, ఆ ఊళ్లోనే డెబ్బై దాటారు.

ఓ రోజు శిష్యురాలు జానిస్ లియూ ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చింది. ఊరి కథల ఉత్సవంలో మొదటిసారి ఆమెకు వేదిక దొరికింది. తన తల్లి నడిపిన టైర్ల షాపు గురించి ఏడాదిగా కథ అల్లుకుంటోంది. తీరా చూస్తే నిర్వాహకుడు హోవార్డ్ ఓ ఎర్ర పట్టు గౌను, విసనకర్ర పంపించాడు. వెదురు తోపులో ముసలి గురువు చెప్పే నీతికథ కావాలట. అదీ తల వంచుకుని, మెల్లగా చెప్పాలట.

"నేను చైనా ముఖమైనా చూడలేదు టీచర్. ఇది వేసుకుంటే బొమ్మనవుతాను, వద్దంటే వేదిక పోతుంది. నోరు విప్పాలంటే ముందు ఆ నోరు అమ్ముకోవాలా?" అని అడిగింది.

"ఆ గౌను నాకివ్వు," అన్నారు మేబెల్ గారు.

ఉత్సవం రోజున ఆవిడే దాన్ని వేసుకుని, జానిస్ కంటే ముందు తాను వేదిక మీద కూర్చుంటానని హోవార్డ్‌తో చెప్పారు. అడక్కుండానే ముసలి గురువు దొరికితే అతనికి ఇంకేం కావాలి. గంట కొట్టించి, తూర్పు దేశపు జ్ఞానమూర్తి అని పరిచయం చేశాడు. ఆవిడ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఒక్క మాటా లేదు. జనం ఊపిరి బిగబట్టారు. కొందరు ఫోటోలు తీశారు. ముందు వరుసలో ఒకాయన చేతులు కూడా జోడించాడు. పక్కన నిలబడ్డ జానిస్‌కి ఒళ్లు మండిపోయింది. చివరికి ఈవిడ కూడా లొంగిపోయిందా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

చాలాసేపటికి మేబెల్ గారు కళ్లు తెరిచి మైకు అందుకున్నారు.

"ఈ ఊరి సిటీ బస్సు రిటైరయ్యేదాకా నేనే నడిపాను. మీలో సగం మందికి రోజూ గుడ్ మార్నింగ్ చెప్పాను. చేతులు జోడించిన ఆ బాబుని చిన్నప్పుడు స్కూలు దగ్గర దించింది నేనే. ఇంతసేపు నన్నే చూశారు కదా, ఒక్కరైనా గుర్తుపట్టారా?"

ఆవిడ గౌను విప్పి హోవార్డ్ చేతిలో పెట్టారు. లోపల మామూలు ప్యాంటూ చొక్కా ఉన్నాయి. మైకు జానిస్‌కి ఇచ్చి, వేదిక దిగి కూర్చున్నారు.

జానిస్ మైకు నోటి దగ్గరికి తీసుకుంది.

"మా అమ్మ లారీ టైరుని ఒంటిచేత్తో దొర్లించేది. షాపుకొచ్చినవాళ్లు మాత్రం మీ ఆయన్ని పిలవమనేవారు. మా నాన్నకి స్పానర్ పట్టుకోవడం కూడా రాదు."

అలా మొదలుపెట్టి, అమ్మ తిట్టిన తిట్లతో సహా చెప్పుకుపోయింది. జనం నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేసి వినసాగారు.

హోవార్డ్ చెమట తుడుచుకుంటూ మేబెల్ గారి పక్కకు చేరాడు. "మీ శిష్యురాలిని కాస్త గొంతు తగ్గించమనండి. మీ ఆడవాళ్లు ఇలా అరవరు కదా," అన్నాడు.

ఆవిడ తలూపి లేచి నిలబడ్డారు.

"జానిస్, ఇంకాస్త గట్టిగా చెప్పమ్మా. ఇక్కడ కొందరికి ఇంకా వినపడటం లేదు."