దివాన్‌గారు కోరిన చోటు

మంగాంబ వీణ అంటే రాజుగారికి ప్రాణం. మండపం గోడమీది వేణుగోపాలుడి పాత బొమ్మలాగే ఆమె బొమ్మ వేయమని నకాశి ఐలయ్యకు చెప్పారు.

కచేరీల్లో గురకపెట్టే దివాన్ భుజంగరాయలు వెంటనే ఊడిపడ్డాడు. "వినేవాళ్ళలో నన్నూ వెయ్యి. అందరిలా వీపు కాదు, నా మొహం జనానికి కనపడాలి. లేదంటే నీకు కుంచె పట్టే చెయ్యుండదు."

"చిత్తం. పాత బొమ్మలో అలాంటి చోటు ఒక్కటుంది. అది తమకే."

బొమ్మ పూర్తయింది, సభలో తెర తీశారు. అందరూ వీణవైపు తిరిగి ఉంటే, దివాన్ ఒక్కడే ఇటు తిరిగి మీసం మెలేస్తున్నాడు.

"ఈయనకీ చోటేమిటయ్యా?" అన్నారు రాజుగారు.

"వారే కోరుకున్నారు ప్రభూ. పాత బొమ్మలో ఆవులూ లేళ్ళూ అన్నీ గోపాలుణ్ణే చూస్తుంటాయి. పాట చెవికెక్కక ఇటు తిరిగింది దున్నపోతు ఒక్కటే. దాని చోటే వారికిచ్చాను."