స్లాబుకు పోసిన నీళ్లు

అచ్యుతస్వామి సన్యసించక మునుపు ఊళ్లలో కట్టడాల పనులు చూసేవారట. ఆశ్రమానికి వచ్చాక ఆ సంగతులు ఎత్తేవారు కారు. శిష్యుడు నరహరి ఒకనాడు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ రోజుల్లోంచే జవాబు తీశారు.

కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పే బాధ్యత నరహరిది. వల్లె వేయలేక వాళ్లు డీలా పడిపోతున్నారని అతను పాఠాన్ని సగానికి తగ్గించాడు. స్వామి మళ్లీ మొత్తం చెప్పమన్నారు. నరహరి మనసు చివుక్కుమంది.

“స్వామీ, కష్టపడుతున్నవాళ్ల మీద జాలి చూపడం తప్పా?” అని అడిగాడు.

స్వామి తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. తాను చూసిన ఒక సంగతి చెప్పారు.

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో బడికి గది కడుతున్నారు. మేస్త్రీ పేరు కూర్మయ్య. స్లాబు వేసే నాటికి అతను జ్వరంతో మంచం పట్టి, తన దగ్గర పని నేర్చుకుంటున్న ధర్మారావుకు ఆ పని అప్పగించాడు. ధర్మారావు మెత్తని మనిషి. నడి వేసవి. కలిపిన కాంక్రీటు గట్టిగా ఉండి పారకు లొంగడం లేదు. పైన దాన్ని సర్దుతున్న పైడమ్మ చేతులు బొబ్బలెక్కాయి. “బాబూ, ఇంకొంచెం నీళ్లు పొయ్యించు. కదలడం లేదు” అంది. ఆమె అరచేతులు చూశాక ధర్మారావు కాదనలేకపోయాడు. నీళ్లు పోయించాడు. కాంక్రీటు జావలా తనంతట తానే పరుచుకుంది. పొద్దు వాలకముందే పని అయిపోయింది. అందరూ అతన్ని దీవించారు. బాగా అలిసిపోయారు కదా అని మర్నాటి నుంచి వాళ్లకు సెలవు కూడా ఇచ్చాడు. స్లాబు తడిపే దిక్కు లేక ఎండలోనే ఉండిపోయింది.

జ్వరం తగ్గి కూర్మయ్య వచ్చేసరికి స్లాబు నిండా పగుళ్లు. తాపీ మొనతో గీస్తే పిండిలా పొడి రాలింది. ధర్మారావు ఏమీ దాచకుండా జరిగిందంతా చెప్పాడు. కూర్మయ్య కోప్పడలేదు. కింద పిల్లలు కూర్చోవాలి, కొట్టేయమన్నాడు.

పోయడం కన్నా పగలగొట్టడం కష్టం. సుత్తి పట్టినవాళ్లలో పైడమ్మ కూడా ఉంది. చువ్వల మధ్య ఇరుక్కున్న పెళ్లల్ని ఊడదీస్తూ, తల ఎత్తకుండానే అంది: “ఆ రోజు నన్ను కేకలేసినా బాగుండును బాబూ.”

ధర్మారావు తానూ ఒక సుత్తి అందుకున్నాడు.

మళ్లీ స్లాబు వేసిన రోజున కూర్మయ్య పక్క ఊరి నుంచి మరికొందరు కూలీల్ని పిలిపించాడు. పైన పందిరి వేయించాడు. ఒకరు అలిస్తే ఇంకొకరు పార అందుకునేలా, పని ఆగకుండా, మనుషుల్ని మారుస్తూ ఉన్నాడు. ఎవరు అడిగితే వాళ్లకు మజ్జిగ ఇప్పించాడు. కాంక్రీటులో మాత్రం కొలతకు మించి చుక్క నీరు పడనివ్వలేదు. పైడమ్మ మళ్లీ నీళ్లు అడగలేదు.

స్లాబు బిగుసుకున్నాక అతని వరస మారిపోయింది. పైన సన్నటి గట్లతో మడులు కట్టించి, బావి నుంచి నీళ్లు మోయించి నింపాడు. తానూ బిందె ఎత్తాడు. మడి ఆరిందని ఎవరైనా అంటే అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. రోజుల తరబడి ఇదే పని. ధర్మారావుకు అయోమయంగా ఉంది.

“మామా, చెడగొట్టింది ఆ నీళ్లే గదా! ఇప్పుడు ఇన్నేసి పోస్తున్నావేంటి?”

“అప్పుడది ఇంకా బిగియలేదురా. ఇప్పుడు బిగిసింది. తాగనీ” అన్నాడు కూర్మయ్య.

బడి తెరిచారు. పిల్లలు ఆ గదిలో కూర్చుని చదువుకున్నారు. తరవాత చాలా వానలు పడ్డాయి, కప్పు కారలేదు.

స్వామి అక్కడితో ఆపారు. నరహరి కాస్త నిష్ఠూరంగానే అడిగాడు: “అయితే జాలి పనికిరాదంటారా?”

“నీళ్లు పోయొద్దని నేనెక్కడ అన్నాను?” అన్నారు అచ్యుతస్వామి.