ముప్పై అయిదున్నర వీశెల పెళ్లికొడుకు

సోడియం ఇంట్లో ఆడపిల్లలందరిదీ ఒకటే బరువు. ఇరవై మూడు వీశెలు. క్లోరిన్ ఇంట్లో మగపిల్లల ముఖమొకటే, గుణమొకటే, బరువులు మాత్రం రెండు. నలుగురుంటే ముగ్గురు ముప్పై అయిదు వీశెలు, ఒకడు ముప్పై ఏడు.

ఆ ఇంటి నలుగురికీ ఈ ఇంటి నలుగురితో పెళ్లి కుదిరింది. ఈ రెండిళ్లూ కలిస్తే గాని లోకంలో కూరకు రుచి లేదు.

ఆనవాయితీ ఒకటుంది. మగపెళ్లివారు తలకింత బరువని ఒక్క అంకె చెప్పి పంపాలి. ఆడపెళ్లివారు ఆ లెక్కన బెల్లం తెచ్చి తక్కెడలో ఒక తట్టలో పెట్టాలి. రెండో తట్టలో పెళ్లికొడుకులంతా కూర్చోవాలి. ముల్లు నిటారుగా నిలబడకపోతే పెళ్లి లేదు.

క్లోరిన్ తాత మాటంటే మాటే. ముప్పై అయిదూ ముప్పై ఏడూ కలిపాడు, సగం చేశాడు. ముప్పై ఆరని కబురంపాడు.

ముహూర్తానికి బెల్లం తట్ట కిందికి దిగింది. పెళ్లికొడుకులు పైకి లేచారు.

“ఏమండీ అన్నయ్యగారూ, పిల్లలకి తిండి పెట్టకుండా తెచ్చారా?” అంది సోడియం అవ్వ.

“నా లెక్క తప్పదు. మీ బెల్లమే చెమ్మగిల్లింది. మీ అక్క పెళ్లిలో నాకు ఉప్పులేని పప్పు వేసినప్పుడే అనుకున్నాను, మీ ఇంటి సంగతి!” అన్నాడు తాత.

సన్నాయి ఆగింది. లావాటి పెళ్లికొడుకు తప్పు తనదేననుకొని దిగబోయాడు. అతని పెళ్లికూతురు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“తాతగారూ, ముప్పై ఏడు వీశెలవారు ఎందరు?”

“ఒక్కడు.”

“ముప్పై అయిదువారు?”

“ముగ్గురు.”

“మరి ముగ్గురికీ ఒక్కరికీ సరిసమానం వేశారేం? మీరు రకాలను లెక్కపెట్టారు. మేము మనుషులను చేసుకుంటున్నాం.”

తాత మీసం కొరుక్కున్నాడు. ముప్పై అయిదును మూడుసార్లు వేసి, ముప్పై ఏడును ఒక్కసారే కలిపాడు. నూట నలభై రెండు. నలుగురికీ పంచితే ముప్పై అయిదున్నర.

తలకు అర వీశె చొప్పున బెల్లం తీశారు. ముల్లు నిలబడింది. సన్నాయి అందుకుంది. తీసిన బెల్లం మీద పిల్లలు పడ్డారు.

అవ్వ ఊరుకుంటుందా? “అన్నయ్యగారూ, ఇంతకీ మీ ఇంట్లో ముప్పై అయిదున్నర వీశెల వాడేడీ? చూపించండి మరి!”

తాత ఒక్కొక్కడి వంకా చూశాడు. అలాంటివాడు ఒక్కడూ లేడు.

నలుగురినీ తట్టలోంచి దింపి, భుజాలు దగ్గరికి లాగి, అవ్వ ముందు నిలబెట్టాడు.

“వీడే చెల్లెమ్మా!” అన్నాడు.