మూత ఎత్తకు గంగులు తాతా

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతా. అనగనగా కొండల నడుమ ఒక ఊళ్ళో గంగులు అని ఒక తాత ఉండేవాడు. ఆయన ఆస్తల్లా పెరట్లో ఒకే ఒక్క తేనె పెట్టె. అందులోని తేనెటీగలంటే ఎంత ముద్దో! "నా తల్లులు" అనేవాడు.

తాత పెళ్ళాం చిలకమ్మకి చలి తగిలితే చాలు, ఒకటే దగ్గు. అల్లంరసంలో తేనె కలిపి నాకితేగానీ తగ్గదు. అందుకే వలిసె చేలు పూసి, ఈగలు ఆ పూల తేనె తెచ్చే రోజుల కోసం తాత కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేవాడు.

ఆ ఏడు చేలన్నీ పచ్చగా పసుపు ఆరబోసినట్టు పూశాయి. అప్పుడే ముసురు పట్టింది. పూలలో తేనె కాస్తా కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఈదురుగాలి. ఈగలు గడప దాటితే ఒట్టు! ఆ తర్వాత పొగమంచు, పొద్దెక్కినా కొండ కనపడదు.

తాతకి బెంగ పట్టుకుంది. రోజుకి మూడుసార్లు మూత ఎత్తి, "ఉన్నారా తల్లులూ?" అని చూసేవాడు. ఎత్తినప్పుడల్లా చలి లోపలికి దూరేది. ముద్దగా చేరి ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటున్న ఈగలు పాపం వణికిపోయేవి. మూడోనాటికి పెట్టె అడుగున గుప్పెడు ఈగలు రాలిపోయి ఉన్నాయి. తాత గొల్లుమన్నాడు.

చిలకమ్మ దగ్గుకుంటూ వచ్చింది. "ఏటి మావా, చంటిపిల్ల దుప్పటి గడియగడియకీ లాగి చూస్తారా ఎవరైనా? నీ ప్రేమ పాడుగానూ!" అంది. అప్పుడు లోపలికెళ్ళి, తన దగ్గు కోసం దాచుకున్న నిరుటి తేనె సీసా తెచ్చింది.

"ఆకలి మీదున్నాయి. వీటికి పెట్టు."

"మరి నీ దగ్గో?"

"నాకు నోరుంది. దగ్గుతాను, నిన్ను తిడతాను. వాటికేదీ?"

తాత కొబ్బరిచిప్పలో తేనె పోశాడు. ఈగలు మునిగిపోకుండా పైన గడ్డిపరకలు వేశాడు. చిప్ప పెట్టెలో పెట్టి, మూత వేసి, తన గొంగళి కప్పాడు. ఇంక ముట్టుకోలేదు. చూడాలని ప్రాణం ఎంత పీకిందో! అప్పుడల్లా చేతులు చంకల్లో పెట్టుకుని, పెట్టెకి చెవి ఆనించేవాడు. లోపల జుమ్మని వినపడితే చాలు, అన్నం తినేవాడు.

గొంగళి కప్పిన తొమ్మిదోనాడు ఎండ ఫెళ్ళున కాసింది. ఈగలు బిలబిలా వచ్చి, మిగిలిన పూల మీద పడ్డాయి. నెల తిరిగేసరికి తేనెపట్లు నిండాయి. తాత ఒక పట్టు ఈగలకే వదిలేశాడు. మిగతాది పిండి, మొదటి చెంచా చిలకమ్మ నోట్లో పెట్టాడు. ఆవిడ చప్పరించి, "పర్లేదులే, తియ్యగానే ఉంది" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అదిగో, మళ్ళీ దుప్పటి తీశావూ! కప్పుకో. నువ్వు నిద్రపోయావో లేదో నేనూ ఎత్తి చూడను, చెవి పెట్టి వింటాను.

ఈగమ్మ పెట్టెలోకి, మంచమ్మ కొండలోకి,
కథమ్మ కంచిలోకి, మా అమ్మడు నిద్దట్లోకి.