తోకచుక్క వెనక్కి ఎందుకు నడుస్తుంది

ఒకప్పుడు సూర్యుడు లేడు, భూమి లేదు, తోకచుక్కలూ లేవు. ఆకాశంలో ఒక మూల గాలీ ధూళీ నిండిన పెద్ద మబ్బు మాత్రం ఉండేది. ఆ మబ్బవ్వ ఒడిలో లెక్కలేనన్ని ధూళి నలకలూ మంచు పలుకులూ తేలుతుండేవి. చలికి ముడుచుకుని ఉన్నా, పక్కన ఒకరున్నారన్న ధైర్యంతో కాలం గడిపేవి.

వాటిలో చలిముద్ద అనే మంచుగడ్డ ఒకటి. దానికి కాస్త బిగువు ఎక్కువ.

ఒకనాడు మబ్బవ్వ కుంచించుకుపోతూ గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

"పిల్లలూ, ఇక నేనుండను. ఎవరు తగిలితే వాళ్ళను గట్టిగా పట్టుకోండి. ఒంటరిగా మాత్రం మిగలకండి" అంది.

అందరూ అలాగే చేశారు. నలకలు రాళ్ళయ్యాయి, రాళ్ళు గుట్టలయ్యాయి. నడిమధ్యకు చేరిన గాలంతా ఒత్తుకుని, వేడెక్కి, భగ్గున వెలిగింది. అతనే సూర్యుడు.

చలిముద్ద మాత్రం ఎవరు తగలబోయినా పక్కకు తప్పుకుంది. "వీళ్ళతో కలిస్తే నా పేరు కూడా మిగలదు. నాకు తగ్గవాళ్ళు దొరక్కపోతారా?" అనుకుంది. రమ్మని పిలిచినవాళ్ళకు ముఖం చాటేసింది.

చూస్తుండగానే గ్రహాలన్నీ తయారై, ఎవరి దారిన వాళ్ళు సూర్యుడి చుట్టూ తిరగసాగారు. మబ్బవ్వ లేనే లేదు. అప్పుడు పట్టుకుంది చలిముద్దకు భయం. అందరిలోకీ లావుపాటి గురుడి దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నన్ను కలుపుకో. పేరు పోతే పోనీ."

"మెల్లగా రా నాయనా" అన్నాడు గురుడు.

వింటేనా? ఆదరాబాదరాగా దూసుకొచ్చింది. గురుడికి అందకుండా పక్కనుంచి జారి, అతని లాగుడుకు గిర్రున తిరిగి, ఎక్కడో దూరాన చీకట్లో పడింది.

అక్కడ పలకరించే దిక్కు లేదు. సూర్యుడు ఆవగింజంత కనిపించేవాడు. తనతో పెరిగినవాళ్ళంతా ఆ వెలుగు చుట్టూ ఉన్నారు, తాను తప్ప. ఏడుద్దామన్నా కన్నీళ్ళు జారకముందే గడ్డకట్టేవి. పాపం, ఎన్ని యుగాలు అలా ఉందో.

చివరికి ఉండబట్టలేక సూర్యుడి వైపు బయలుదేరింది. దగ్గరపడేకొద్దీ ఒళ్ళు ఆవిరైపోసాగింది.

"ఇటు రాకు తమ్ముడూ, కరిగిపోతావు" అన్నాడు సూర్యుడు.

"కరగనీ అన్నా. నీలోనైనా కలిసిపోతాను."

"నాకూ నిన్ను దగ్గరికి తీసుకోవాలనే ఉంది. ఏం చెయ్యను, నా ఊపిరే నిన్ను తోసేస్తుంది."

అన్నట్టే ఆ ఊపిరికి ఆవిరంతా అవతలికి చెదిరి పొడవాటి తోకైంది. వచ్చిన వేగం చలిముద్దను ఆగనివ్వలేదు. సూర్యుడి చుట్టూ ఒక మలుపు తిరిగి, మళ్ళీ చీకటి వైపే సాగిపోయింది. కానీ అన్నకు వీపు చూపించడానికి దానికి మనసొప్పలేదు.

అప్పటినుంచే తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది. వచ్చేటప్పుడు వెనకాల, పోయేటప్పుడు ముందర. వచ్చిన ప్రతిసారీ కాస్త తరిగిపోయి, ముఖం సూర్యుడి వైపే ఉంచి, అది నేటికీ వెనక్కి నడుస్తూ వెళ్ళిపోతుంది.